ముడి అక్షరాలు

తన భర్త నోట ‘ధన్యవాదాలు’ అన్న మాట మొదటిసారి విన్నరోజే నీలవేణికి అనుమానం రావలసింది. రాలేదు. సంతోషంతో ఏడ్చేసింది.

సన్యాసిరావు ఆ మాట అనే మనిషి కాడు. ఉత్తరాంధ్ర తీరంలోని ఒక చిన్న రేవులో టగ్గు నడిపేవాడు. పెద్ద ఓడల్ని మోకులు కట్టి లాక్కొచ్చే పడవ అది. ఇంజన్ హోరు మీద అరిచి అరిచి ఆయన గొంతు ఇంట్లో కూడా అదే స్థాయిలో ఉండేది. కూరలో ఉప్పు తగ్గితే కేక, పాలవాడు నీళ్ళు కలిపితే కేక, టీవీలో ఎవడైనా అబద్ధమాడుతున్నాడని అనిపిస్తే దానికీ కేక. ఇరవై ఏళ్ళ కాపురంలో పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిచింది లేదు. ‘ఒలే’ అనేవాడు.

అలాంటి మనిషికి మెదడు అడుగున రక్తం గడ్డకట్టింది. ప్రాణం నిలిచింది గానీ మెడ నుంచి కాళ్ళ దాకా ఏదీ కదలదు, నోరు పెగలదు. కళ్ళు మాత్రం పైకీ కిందికీ కదులుతాయి, అవీ అవునో కాదో చెప్పేంత నిలకడగా కాదు. బుద్ధి చెక్కు చెదరలేదని డాక్టర్లు చెప్పారు. ఆ మాట విన్నాక నీలవేణికి నిద్ర పట్టడం ఇంకా కష్టమైంది.

విశాఖలో ప్రయోగశాల ఉన్న వాక్‌సిరి అనే కంపెనీ అప్పుడే వచ్చింది. కొత్త పరికరం, ప్రయోగ దశలో ఉంది, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే అమరుస్తామన్నారు. చేత్తో రాస్తున్నట్టు మనసులో అనుకుంటే చాలు. పుర్రె కింద పెట్టిన సన్నటి వల ఆ రాతను పట్టుకుని, చెవి వెనక అతికించిన అగ్గిపెట్టెంత పెట్టెకు పంపుతుంది. పెట్టె దాన్ని అక్షరాలుగా మారుస్తుంది. ఆ అక్షరాలు కంపెనీ సర్వర్‌కి వెళ్ళి, వాక్యాలై తిరిగొచ్చి, మంచం పక్కనున్న టాబ్లెట్‌లోంచి వినిపిస్తాయి. ఆ గొంతు కూడా సన్యాసిరావుదే. పాత ఫోన్ వీడియోల నుంచి తయారుచేశారు.

“ధన్యవాదాలు నీలా. నువ్వు నా కోసం ఎంతో శ్రమపడుతున్నావు,” అంది టాబ్లెట్ మొదటిరోజు.

వీధంతా వచ్చి విన్నారు. అత్తగారు అప్పలనరసమ్మ కొడుకు పాదాలు పట్టుకుని కూర్చుండిపోయింది. మూడో వారంలో సన్యాసిరావు తమ్ముడు గోవిందు వచ్చాడు. అన్నదమ్ములకు నాలుగేళ్ళుగా మాటల్లేవు. సన్యాసిరావు టగ్గు మీద పనిచేసే బంగారయ్య మోకు తెగి తగిలి చనిపోయాడు. ఆ మోకు పాతదని, మార్చమని సన్యాసిరావు ఎన్నోసార్లు గొడవపడ్డాడు. మోకులు చూసుకునే సూపర్‌వైజరు గోవిందే. విచారణలో మాత్రం గోవిందు నిలబడి, మోకు కొత్తదేననీ, బంగారయ్యే నిలబడకూడని చోట నిలబడ్డాడనీ చెప్పాడు. ఆ రోజు నుంచి తమ్ముడి నీడ గుమ్మంలో పడనివ్వలేదు సన్యాసిరావు.

గోవిందు మంచం దగ్గర నిలబడి తల దించుకున్నాడు. టాబ్లెట్ కాసేపు ఆలోచించినట్టు ఆగి, “తమ్ముడూ, జరిగిందేదో జరిగింది. నిన్ను క్షమించాను,” అంది.

గోవిందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పలనరసమ్మ ఆ సాయంత్రం వీధిలో అందరికీ బెల్లం పంచింది.

తుపాను వానలకు కేబుల్ తెగి ఆ వారమంతా నెట్ రాలేదు. టాబ్లెట్ మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. సన్యాసిరావు కళ్ళు పైకీ కిందికీ కొట్టుకుంటున్నాయి. ఏదో రాస్తున్నాడు, అది ఎక్కడికీ పోవడం లేదు. ఆ కళ్ళను చూస్తూ కూర్చోవడం నీలవేణి వల్ల కాలేదు. ఆమె ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగి. సర్వర్‌కి పోకుండానే పెట్టెలోని అక్షరాలు నేరుగా చూడగలిగితే నెట్ లేనప్పుడు పని నడుస్తుంది కదా అనుకుంది. కంపెనీ మీద అప్పటికి ఆమెకు ఏ అనుమానమూ లేదు.

పెట్టె అడుగున రబ్బరు మూత కింద ఒక చిన్న రంధ్రం ఉంది. టెక్నీషియన్లు వచ్చినప్పుడు అందులో వైరు గుచ్చి చూసుకునేవారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నీలవేణి అటక మీది పాత లాప్‌టాప్ దించింది. పెద్ద ప్రోగ్రాములేవీ దాని మీద నడవవు. అందుకని అతి తేలికైన టెర్మినల్ ఎమ్యులేటర్ ఒకటి వేసింది. అది ఉత్త కిటికీ. అవతల నుంచి అక్షరం వస్తే చూపిస్తుంది, ఇవతల మీట నొక్కితే పంపిస్తుంది. బొమ్మల్లేవు, మెనూల్లేవు, సలహాల్లేవు. దాని తీరు మార్చాలంటే ఒక సెట్టింగుల ఫైలు తెరిచి చేత్తో రాసుకోవాలి.

వైరు గుచ్చగానే తెర నిండా చెత్త కురిసింది. అక్షరాలు అందుకునే వేగం కుదరలేదని గ్రహించి మార్చింది. ఈసారి తెలుగు వచ్చింది, కానీ తునాతునకలై వచ్చింది. ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట, గుడి దీర్ఘాలు ఒంటరిగా చుక్కల సున్నాలకు వేలాడుతూ. ఇంత చిన్న ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలనే దృష్టిలో పెట్టుకుంటారు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, అంతే. గడి కింద వేలాడే ఒత్తు వాళ్ళ ఊహలో లేదు. ఆమె దాన్ని తీసేసి, అక్షరాల్ని కలిపి చూపగల మరో చిన్న టెర్మినల్‌ని, మేడమీద మాత్రమే కొద్దిగా అందే ఫోన్ నెట్‌తో దించుకుంది. తెలుగు ఫాంటు ఎక్కించింది. వరసల మధ్య ఎడం పెంచితేగానీ ఒత్తులు తెగకుండా కనబడలేదు.

చివరికి తెర మీద ఒక వరస నిలిచింది.

*ఫేను ఆపండెహె*

నీలవేణికి అర్థం కాలేదు. మళ్ళీ వచ్చింది.

*ఫేను ఆపండెహె ఎదవల్లారా కన్ను మండిపోతంది*

ఆమె తలెత్తి చూసింది. మంచానికి ఎదురుగా గోడ ఫ్యాను. సన్యాసిరావు కుడి రెప్ప పూర్తిగా మూతపడదు. ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతోందని డాక్టరు మందు రాసిచ్చాడు. రోజూ వేస్తోంది. పైగా “గాలి హాయిగా ఉంది” అని టాబ్లెట్ అన్న ప్రతిసారీ ఫ్యాను వేగం పెంచింది కూడా తనే.

ఒక్క అంగలో వెళ్ళి స్విచ్చు కొట్టింది. తిరిగొచ్చేసరికి ఇంకో వరస.

*సదువుతన్నావేటే*

“చదువుతున్నానండీ,” అంది.

సన్యాసిరావు కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, రెండు కళ్ళలోంచీ. తర్వాత అక్షరాలు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి. తప్పులు, కొట్టివేతలు, సగంలో ఆగిన మాటలు. నీలవేణి వాటిని కూడబలుక్కుంటూ చదివింది.

*గోవిందుగాడికి నాను అలగ సెప్పలేదు. పొమ్మన్నాను. సచ్చినోడి ఉసురు తగుల్తాదన్నాను. ఆ డబ్బా ఏటి వాగిందో ఇన్నావు కదా*

*రెండోసారి తల కొయ్యొద్దని సెప్పు. వొద్దు వొద్దు వొద్దు*

పై వారమే రెండో ఆపరేషన్ తేదీ పెట్టాలి. మెదడులో ఇంకా లోతుకు వల దించితే మాట వేగం పెరుగుతుందన్నారు. ప్రాణాపాయం ఉందని కూడా చెప్పారు. టాబ్లెట్ ఎదుట కెమెరా పెట్టి అడిగితే, “విజ్ఞానం కోసం నేను సిద్ధంగా ఉన్నాను,” అన్న జవాబు వచ్చింది. ఆ మాట విని అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

రెండు రోజుల తర్వాత నెట్ వచ్చింది. నీలవేణి టాబ్లెట్‌నీ లాప్‌టాప్‌నీ పక్కపక్కన పెట్టి, “ఎలా ఉన్నారు?” అని అడిగింది.

*వీపు కాలిపోతంది తిప్పు. ఆ కంపెనీవోడికి ఫోన్ సేసి తిట్టు*

“నీలా, ఈ ఉదయం నాకు ఎంతో ప్రశాంతంగా ఉంది,” అంది టాబ్లెట్ తియ్యగా.

ఆమె ముందు ఆయన్ని పక్కకి తిప్పింది. వీపు మీద అరచేయంత మేర చర్మం కమిలి ఉంది. అప్పుడు ఆమెకు కోపం వచ్చింది. అంతవరకూ కోపం అనుకున్నవేవీ కోపాలు కావని కూడా అప్పుడే తెలిసింది.

వాక్‌సిరి పరిశోధన విభాగానికి అధిపతి డాక్టర్ హరగోపాల్. మెత్తగా మాట్లాడే మనిషి. నీలవేణి ఆయన గదికి వెళ్ళి, లాప్‌టాప్‌లో దాచుకొచ్చిన వరసలు చూపిస్తే ఆయన ఆశ్చర్యపోలేదు. అదే ఆమెను ఎక్కువ మండించింది.

“కూర్చోండమ్మా. మీరు చూస్తున్నది ముడి సరుకు. రోగి చేతిరాతను ఊహించుకునేటప్పుడు తప్పులొస్తాయి, పాత అలవాట్లొస్తాయి, చిరాకులొస్తాయి. వాటి వెనకున్న అసలు ఉద్దేశాన్ని మా వ్యవస్థ పట్టుకుంటుంది.”

“వీపు కాలిపోతోందంటే ప్రశాంతంగా ఉందని చెప్పడం ఉద్దేశం పట్టుకోవడమా?”

“అక్కడక్కడ పొరపాట్లు ఉంటాయి.”

“వద్దు అని మూడుసార్లు రాశారు. ఆ మాటలో పొరపాటు ఎక్కడుంది సార్?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నిజం చెప్తాను. మొదటి బ్యాచ్ రోగులకు అన్నీ ఉన్నదున్నట్టే వినిపించాం. వాళ్ళు తిట్టారు, ఏడ్చారు, చంపెయ్యమన్నారు. ఇళ్ళల్లోవాళ్ళు భరించలేక పరికరం ఆపేసి పక్కన పెట్టేశారు. ఆ మనుషులు మళ్ళీ మూగవాళ్ళైపోయారు. అందుకని మాటను కొంచెం సౌమ్యం చేశాం. ఇప్పుడు ఎవరూ ఆపెయ్యడం లేదు. మీ ఇంట్లో కూడా సంతోషమే కదా ఉంది ఇన్నాళ్ళూ?”

ఆ ప్రశ్న తగలవలసిన చోటే తగిలింది. టాబ్లెట్ ‘నీలా’ అని పిలిచినప్పుడల్లా ఆమెకు లోపల హాయిగా ఉండేది. ఇరవై ఏళ్ళూ వినాలనుకున్న పిలుపది. ఆ హాయి కోసమే తను ఇంకేమీ అడగలేదని తోచి, ఆమె కోపం రెట్టింపైంది.

“మా సంతోషం కోసం ఆయన్ని కన్ను కాల్చుకోమన్నారా? ఆయన గొంతు పెట్టి, ఆయన ఒప్పుకోనిదానికి ఒప్పుకున్నట్టు మీరే చెప్పుకుని, మీరే ఆయన తల కోస్తారా? ఏం మనుషులయ్యా మీరు!” అని అరిచింది. అద్దాల గది బయట పనిచేసుకుంటున్నవాళ్ళు తలలు తిప్పారు. తనకింత పెద్ద గొంతు ఉందని ఆమెకే తెలియదు.

ఇంటి దగ్గర ఇంకో యుద్ధం మొదలైంది. అప్పలనరసమ్మకు చదువు రాదు. టెర్మినల్‌కు గొంతు లేదు. నీలవేణే పైకి చదివి వినిపించాలి.

“అది నువ్వు సదివినదే కదేటమ్మా! నా కొడుకే అన్నాడని నాకెలగ తెలుస్తాది?” అంది ముసలామె. “ఇన్నేళ్ళకి ఆడు నన్ను అమ్మా అని పేమగా పిలిస్తన్నాడు. తమ్ముడితో కలిసీసాడు. నీ కళ్ళు సల్లబడ్డం లేదేటి?”

“అత్తయ్యా, ఆ మాటలు ఆయనవి కావు.”

“ఎవులయితే ఏటి? మంచి మాటలే కదా. ఆ పాత పెట్టి అటకెక్కించీ.”

సన్యాసిరావు వింటున్నాడు. నీలవేణి తెరవైపు చూసి, చదవడానికి జంకింది. చివరికి చదివింది.

“‘అమ్మా, నీకు ఆ డబ్బా కావాలా, నేను కావాలా?’ అంటున్నారు.”

అప్పలనరసమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏ కదలికా లేదు. కళ్ళు మాత్రం ఆమె మీద నిలిచి, రెప్ప వాల్చకుండా మండుతున్నాయి. ఆ చూపును ఆమె చిన్నప్పటి నుంచీ ఎరుగును. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

సన్యాసిరావు మాత్రం ఆగలేదు. టెర్మినల్‌ని తన టగ్గు కింద లెక్కగట్టి హుకుములు జారీచేశాడు. *నల్లది కళ్ళకి పొడుస్తంది మార్చు.* నేపథ్యం లేత గోధుమ రంగు చేసింది. *అచ్చరాలు పెద్దవి సెయ్.* చేసింది. *ఆ గీత టపటప కొట్టుకోడం ఆపు తల తిరగతంది.* కర్సర్ మిణుకుమనడం ఆపేసింది. పాత వరసలు పైకి పోయి మాయం కాకుండా, వెనక్కి జరిపి చూసుకునేలా పెట్టింది. వరసగా మూడు అడ్డగీతలు రాస్తే గంట మోగేలా ఒక చిన్న స్క్రిప్టు కట్టింది. జబ్బుపడ్డాక తన పిలుపు దారిలో మారిపోకుండా ఆమెను ఆయన పిలవగలగడం అదే మొదలు.

పిలిచాడు. వంట మధ్యలో, స్నానం మధ్యలో, ఫోన్లో ఉండగా, రోజంతా. “మళ్ళీ ఏంటండీ!” అని ఆమె విసుక్కుంటూ గరిటెతోనే పరిగెత్తుకొచ్చేది. *వాన పడతంది బట్టలు తీ*, అని ఉండేది. నిజంగానే చినుకులు పడుతుండేవి. ఆమె తిట్టుకుంటూ మేడమీదికి పోయేది. టాబ్లెట్‌తో అయితే ఇంత అలసట ఉండేది కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఆపరేషన్ ఆపమని ఆమె రాసిన ఫిర్యాదు మీద, ఇలాంటి ప్రయోగాల మంచిచెడ్డలు చూసే సమీక్షా సంఘం ప్రయోగశాలలోనే కూర్చుంది. సంఘానికి అధ్యక్షురాలు శకుంతలాదేవి, రిటైరైన జడ్జి. సన్యాసిరావును చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఒకవైపు టాబ్లెట్, మరోవైపు పాత లాప్‌టాప్.

హరగోపాల్ పక్కన కూర్చున్న కంపెనీ లాయరు లేచాడు. “మేడమ్, ఆ తెర మీద వస్తున్నది మెదడులోని రొద. అందులో ఎవరికి కావలసింది వాళ్ళకు కనిపిస్తుంది. పైగా ఆ ప్రోగ్రాముని ఆవిడే ఎక్కించారు, ఆవిడే మార్చారు.”

శకుంతలాదేవి కుర్చీలోంచి లేచి సన్యాసిరావు దగ్గరికి వెళ్ళి, అందరికీ వీపు పెట్టి, హాండ్‌బ్యాగులోంచి ఏదో తీసి ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. నీలవేణిని గోడవైపు తిరగమని ముందే చెప్పింది.

“సన్యాసిరావుగారూ, ఇదేమిటో రాయండి.”

టాబ్లెట్ వెంటనే పలికింది. “మీరు చూపించినది చాలా అందంగా ఉంది. ధన్యవాదాలు.”

లాప్‌టాప్ మీద అక్షరాలు మెల్లగా వచ్చాయి. గదిలో అందరూ వాటినే చూస్తున్నారు. మూ. త. ఆగింది. మళ్ళీ నడిచింది.

*మూత లేని పెన్ను. సంచీలో ఇంకు కారతాది సూసుకో*

శకుంతలాదేవి బ్యాగులో చెయ్యి పెట్టి తీసింది. రెండు వేళ్ళు నీలంగా ఉన్నాయి. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె నవ్వలేదు.

“రెండో ఆపరేషన్‌కి మీరు ఒప్పుకున్నారా?”

“విజ్ఞానం కోసం నేను సిద్ధంగా...” అని టాబ్లెట్ మొదలుపెట్టింది.

“దాన్ని ఆపండి,” అందామె. టెక్నీషియన్ ఆపాడు.

*లేదు. ముందునుంచి లేదు. నాను వొద్దన్న ప్రతిసారి ఆళ్ళు అవునన్నారు. నా గొంతు దొంగిలించి నా మీదే ఒప్పందం రాయించుకున్నారు. ఈ డాక్టరు ఇంట్లో ఆడి నోటికి ఇలాంటిది కట్టండి. అప్పుడు తెలుస్తాది*

హరగోపాల్ లేచి నిలబడ్డాడు. “మేడమ్, ఇది క్షణికమైన ఆవేశం. ఇలాంటి రోగులు...”

“ఆవేశమైనా ఆయనదే కదండీ,” అంది శకుంతలాదేవి. “మీరు తీసుకున్నది ఆయన ఒప్పుకోలు కాదు. ఆపరేషన్ లేదు. ఈ పరికరం పెట్టిన మిగతా రోగులందరి ముడి అక్షరాలూ నా ముందుకు రావాలి.”

ఆ తర్వాత కంపెనీ తన సేవను ఆపేసింది. టాబ్లెట్ పట్టుకుపోయారు. పుర్రె కింది వలనూ చెవి వెనక పెట్టెనూ మాత్రం పీకలేకపోయారు. తీయాలంటే కొయ్యాలి, కొయ్యాలంటే ఆయన ఒప్పుకోవాలి. పెట్టె చెడితే బాగుచేసే బాధ్యత తమది కాదని తేల్చి చెప్పారు. అది ఎన్నాళ్ళు పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. మిగతా రోగుల్లో సగం ఇళ్ళవాళ్ళు తమకు ముడి అక్షరాలు చూపించవద్దని సంఘాన్ని వేడుకున్నారని నీలవేణికి తెలిసింది.

ఆ కబురంతా విన్నాక గోవిందు వచ్చాడు. ఎండ దిగని మధ్యాహ్నం. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

“ఒదినా, అన్నియ్య నన్ను చమించాననలేదంట కదా.”

“లేదు గోవిందూ.”

“మరేటన్నాడు?”

“నువ్వే చదువుకో. నేను చదవను.”

ఆమె లాప్‌టాప్‌ని అతనివైపు తిప్పి, పక్కన కుర్చీ వేసింది. గోవిందు కూర్చున్నాడు. సన్యాసిరావు కళ్ళు తమ్ముడి మీదికి దిగాయి. అక్షరాలు మొదలయ్యాయి.

నాలుగేళ్ళ తిట్లవి. తల్లిని తప్ప వంశంలో ఎవర్నీ వదల్లేదు. ఒక్కో మాటకు ఎంతోసేపు పడుతుంటే, గోవిందు ఒక్కో అక్షరం కోసం ఎదురుచూస్తూ చదివాడు. మోకు ఎక్కడ పీచు రేగిందో రాశాడు సన్యాసిరావు. మార్చమని అడిగితే తమ్ముడు ఏమని నవ్వాడో రాశాడు. బంగారయ్య ఎలా పడ్డాడో, పడ్డాక ఏమన్నాడో రాశాడు. ఆ మాట గోవిందు ఎప్పుడూ వినలేదు. అక్కడ అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

*సెయ్యి తీ. సదువు*

చేతులు తీసి చదివాడు. వంటింటి గుమ్మంలో అప్పలనరసమ్మ నిలబడి ఉంది. చదువు రాకపోయినా, చిన్నకొడుకు ముఖం చూస్తే ఆమెకు అంతా అర్థమవుతోంది. అడ్డం రాలేదు.

*బంగారయ్య పెళ్ళాం కాడికి పో. నీ నోటితో సెప్పు. తరవాత ఇచారణ సేసినోళ్ళ కాడికి పోయి అబద్దమాడానని సెప్పు. ఉజ్జోగం పోతే పోనీ. జైలుకెల్తే ఎల్లు*

ఎండ గుమ్మం దాటి గోడెక్కింది. అక్షరాలు ఆగిపోయాయి. సన్యాసిరావు నుదురంతా చెమట పట్టి ఉంది. నీలవేణి తుడిచింది.

గోవిందు గొంతు సవరించుకున్నాడు. “ఎల్తానన్నియ్యా. రేపే ఎల్తాను.” తెర మీద కర్సర్ కదలకుండా నిలబడి ఉంది. అతను లేవబోయి, మళ్ళీ అన్నవైపు చూశాడు.

“ఇంకేటైనా ఉన్నాదేటన్నియ్యా?”

చాలాసేపటికి ఒక అక్షరం కదిలింది.

*ఉంది. కూకో*

గోవిందు కూర్చున్నాడు.